వదిలిన 81 సొరల్లో 15

గాలానికి చిక్కిన 81 బ్లాక్‌టిప్ సొరలకు అమెరికా పరిశోధకులు చిన్న పరికరాలు తగిలించి మళ్లీ సముద్రంలోకి వదిలారు. వాటిలో 41 ఒడ్డు నుంచి పట్టినవి, 40 పడవల మీద నుంచి పట్టినవి. వదిలాక ఒడ్డు సొరల్లో 7, పడవ సొరల్లో 8 చనిపోయాయి. అంటే 17.1 శాతం, 20 శాతం. 2020లో అచ్చయిన ఈ లెక్కను పిల్లాపాపలతో, స్నేహితులతో బీచికి వెళ్లి సొరను పట్టాలనుకునే ప్రతి ఒక్కరూ బయల్దేరే ముందే చదవాలి. ‘పట్టి వదిలేస్తాం, చంపం కదా’ అనే మాటతోనే చాలామంది కారెక్కుతారు. కానీ వదిలినవన్నీ బతకవు. బతికే అవకాశం ఎంతన్నది కొంతవరకు కొక్కెం ఎక్కడ దిగిందో, మరి కొంత ఒడ్డున ఉన్న మనుషులు ఆ కాసేపట్లో ఏం చేశారో, వాటి మీద ఉంటుంది.

ఈ వేటకు పేరుపడ్డ చోటు టెక్సాస్‌లోని పాడ్రే ఐలండ్ నేషనల్ సీషోర్. హ్యూస్టన్ నుంచి కార్పస్ క్రిస్టీకి సుమారు 210 మైళ్లు. అక్కడ వంతెన దాటితే 1962 నుంచి కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న దాదాపు 70 మైళ్ల ఇసుక తీరం. హోటళ్లు ఉండవు, దుకాణాలు ఉండవు. దక్షిణంగా 60 మైళ్ల వరకు ఇసుక మీదే బండి నడపొచ్చు. మొదటి 5 మైళ్లు మామూలు కారుకు సరిపోతాయి, ఆపైన ఫోర్ వీల్ డ్రైవ్ కావాల్సిందే. ఏప్రిల్ నుంచి జూలై మధ్య వరకు కెంప్స్ రిడ్లీ తాబేళ్లు పట్టపగలే గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకే ఎక్కుతాయి. బండి ముందు కూర్చున్నవాళ్లు ఫోన్ పక్కన పెట్టి ఇసుక మీదే చూపు ఉంచాలి.

ఈ వేట ఒంటరిగా చేసేది కాదు. చేతి విసురు చాలనంత దూరం ఎర వేయాలి కాబట్టి ఒకరు కయాక్ ఎక్కి, నీటి కింది ఇసుక మేటలు దాటి, 200 నుంచి 400 గజాల అవతల దాన్ని జారవిడిచి వస్తారు. లైఫ్ జాకెట్ లేకుండా, ఒడ్డున చూసే మనిషి లేకుండా ఆ పనికి ఎవరినీ పంపకూడదు. రీలులో వెయ్యి గజాల దారం ఉండటం మామూలే. చివర మందపాటి నైలాన్, దాని కొసన పళ్లకు తెగని లోహపు తీగ. చేప లాగిందంటే ఒకరు గాలం కర్ర పట్టుకుంటారు, ఒకరు మోకాళ్ల లోతులో నిలబడి తోక కోసం చూస్తారు, ఒకరి చేతిలో తీగ కత్తిరించే కటర్ సిద్ధంగా ఉంటుంది, ఒకరు కొలత టేపుతో నిలబడతారు. పిల్లలు బిగిసిన దారానికి దూరంగా, వెనకాల ఉండాలి. సొరది మృదులాస్థి శరీరం. తోక పట్టుకున్న చేతి వైపు గిర్రున మెలి తిరగగలదు.

బ్లాక్‌టిప్ లాంటి సొరలు నోరు తెరిచి ముందుకు ఈదుతూనే ఊపిరి తీస్తాయి. ఆగితే మొప్పల మీదుగా నీళ్లు పారవు. పైగా సొర లోపలి అవయవాలను కాచే పక్కటెముకల గూడు లేదు. నీళ్లు మోసే ఒంటి బరువు పొడి ఇసుక మీదికి రాగానే దాని పేగుల మీదే పడుతుంది. మయామి విశ్వవిద్యాలయం వారు 2014లో 5 జాతులను పోల్చి చూస్తే, గాలంతో పెనుగులాటకు బాగా దెబ్బతినేది సుత్తితల సొర, అదే గ్రేట్ హ్యామర్‌హెడ్, అని తేలింది. టైగర్ షార్క్ మాత్రం బాగా తట్టుకుంది. అందుకే బలమైన రీలుతో త్వరగా లాగడం దర్పం కాదు, దయ. నీళ్లంచుకు వచ్చాక నా మట్టుకు గడువు 2 నిమిషాలు. కొలత, ఫోటో, కొక్కెం అన్నీ అందులోనే. కొక్కెం ఊడకపోతే తీగ దగ్గరగా తెంపేయాలి. బావగారి ఫోటో అయింది, ఇప్పుడు వదినగారిది అంటూ వరస కట్టే సందడి దగ్గరే ఆ గడువు దాటిపోతుంది.

చట్టం లెక్కలు కూడా ఇటే చూపిస్తాయి. టెక్సాస్‌లో మనిషికి రోజుకు ఒక్కటే సొర. బ్లాక్‌టిప్, బానెట్‌హెడ్, షార్ప్‌నోజ్ అయితే కనీసం 24 అంగుళాలు ఉండాలి. ఉంచుకోనిచ్చే మిగతా జాతులు 64 అంగుళాలు, సుత్తితల సొరలు ఏకంగా 99 అంగుళాలు. కొక్కెం గుండ్రంగా లోపలికి వంగిన సర్కిల్ హుక్కే కావాలి, స్టెయిన్‌లెస్ స్టీలుది పనికిరాదు. ఈ కొక్కెం గొంతులో దిగబడకుండా జారి వచ్చి దవడ మూల గుచ్చుకుంటుంది. ఊడదీయలేక వదిలేసినా తుప్పు పట్టి రాలిపోతుంది. ఫ్లోరిడా 2019 జూలై 1 నుంచి ఒడ్డు వేటకు ఉచిత పర్మిట్, దానికి ముందు ఆన్‌లైన్ పాఠం తప్పనిసరి చేసింది. నిషిద్ధ జాతి చిక్కితే మొప్పలు నీళ్లలో మునిగే ఉండాలని రాసిపెట్టింది. శాండ్‌బార్, డస్కీ సొరలు రెండు రాష్ట్రాల్లోనూ నిషిద్ధమే. వీపు మీది రెండు రెక్కల మధ్య వేలితో తడిమితే వాటికి సన్నని గట్టు తగులుతుంది, బ్లాక్‌టిప్‌కు ఉండదు. ఏ జాతో తేల్చుకోలేకపోతే వదిలేయడమే సరైన పని.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, మనం తినే శీలావతి చేప ఒక్క ఏడాదిలో లక్షల గుడ్లు పెడుతుంది. బ్లాక్‌టిప్ తల్లి మాత్రం 10 నుంచి 12 నెలలు మోసి, ఏడాది విడిచి ఏడాది, సాధారణంగా 4 నుంచి 6 పిల్లల్ని కంటుంది.

ఇక వండుకునే సంగతి. కోస్తా ఇళ్లలో సొర పిట్టు అంటే ప్రాణం. పాలు పడతాయని బాలింతకు పాలసొర పెట్టే అలవాటు ఉంది. ఆ ప్రేమతోనే అమెరికాలో కూతురి పురిటికి వచ్చిన అమ్మ, అల్లుడు పట్టుకొచ్చిన సొరను పొయ్యి మీదికి ఎక్కించొచ్చు. వద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు తినకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెప్పే 7 రకాల చేపల్లో సొర ఒకటి. వంజరానికి దగ్గరి చుట్టమైన కింగ్ మాకెరెల్ ఇంకొకటి. ఆ సంస్థ కొలతల్లో సొర మాంసంలో పాదరసం సగటు పది లక్షల వంతుల్లో 0.979. సాల్మన్‌లో 0.022. అంటే 44 రెట్లు. సొర ఎంత పెద్దదైతే, ఎంత ముసలిదైతే అంత పాదరసం పోగేసుకుంటుంది. బీచ్‌లో ఫోటోకు నిలబెట్టాలనిపించేది ఆ పెద్దదే.

ఇంటికి తెచ్చుకోవడానికి మాంసం కన్నా మంచిది ఒకటుంది. అమెరికా సముద్ర మత్స్య శాఖ 1962 నుంచి, అంటే పాడ్రే ఐలండ్ పార్కు పుట్టిన ఏటి నుంచే, సరదాగా వేటాడేవాళ్ల చేతికి అంకె వేసిన ట్యాగులు ఇస్తోంది. తొలి 52 ఏళ్లలో 2,29,810 సొరలకు ట్యాగు పడింది. వాటిలో 13,419 మళ్లీ ఎవరికో ఒకరికి చిక్కాయి. నూటికి 6 కూడా కాదు. అయినా ఆ కొన్నే ఏ జాతి ఎంత దూరం తిరుగుతుందో, ఎంత కాలం బతుకుతుందో చెప్పాయి. ట్యాగు అంకెను పలకమని పెద్ద పిల్లకు చెప్పండి, చిన్నవాడి చేతికి గడియారం ఇవ్వండి. గాలం లాగిన క్షణం నుంచి తోక చేతుల్లోంచి జారిపోయే దాకా ఎన్ని నిమిషాలు పట్టిందో వాడు రాసుకుంటాడు. వచ్చేసారి అదే బీచిలో ఆ అంకెను తగ్గించాలని మీ వెంట పడేది కూడా వాడే.