నూటికి నూరు లాభాంశము

వైద్యశాల యనగానే మనకు మంచములు, దుప్పట్లు, రాత్రియంతయు కాచుకొనియుండు బంధువులు తలపునకు వత్తురు. ఇవి యేవియు లేని వైద్యవ్యాపారము నేడు మిక్కిలి పెరిగినది. రోగి ఉదయమున వచ్చి రక్తమిచ్చును, లేదా యంత్రములో పరుండి లోపలి అవయవముల బొమ్మ తీయించుకొనును. మధ్యాహ్నమునకు ఇల్లు చేరును. హైదరాబాదులో 1981లో నెలకొనిన విజయా డయాగ్నొస్టిక్ సెంటరు అట్టి సంస్థ. 2021 సెప్టెంబరులో దాని షేర్లు, అనగా వాటాలు, బజారున కెక్కినవి. నాటినుండి ఎవరైనను వానిని కొనవచ్చును. ఆ సంస్థ తన లాభమును వాటాదారులకు ఎంత పంచుచున్నది, మిగిలినది ఏమి చేయుచున్నది అను సంగతిని నేడు ముచ్చటింతును. పింఛను సొమ్మో, పొలమమ్మిన సొమ్మో చేతనున్న పెద్దలకు ఇది పనికివచ్చు విషయము.

2023-24 సంవత్సరమునకు ఈ సంస్థ వాటా ఒక్కింటికి ఒక రూపాయి లాభాంశ మిచ్చినది. దీనినే డివిడెండు అందురు. వాటా యొక్క ముఖవిలువయు ఒక రూపాయియే. కావున అది నూటికి నూరు పాళ్ల లాభాంశము. వినుటకు ఎంత సొంపుగా నున్నది! కాని 2021లో ఆ వాటాలను ప్రజలకు అమ్మిన ధర 531 రూపాయలు. నాడు నూరు వాటాలు కొన్నవాడు 53,100 రూపాయలు చెల్లించి, ఆ యేటికి నూరు రూపాయలు అందుకొనెను. నూటికి పందొమ్మిది పైసలైనను నిండలేదు. అదే సొమ్మును మన యూళ్ల లెక్కప్రకారము నూటికి రూపాయి వడ్డీకి ఇచ్చియుండినచో నెలకే 531 రూపాయలు రావలెను. వచ్చునా, రాదా యనునది వేరు సంగతి. శాతమును ముఖవిలువమీద కట్టుట వ్యాపారాచారము, అందులో మోసము లేదు. కాని పత్రికలో ఆ శాతమును చూచి వడ్డీ యనుకొనువాడు తన్ను తానే మోసపుచ్చుకొనును.

అట్లయిన ఈ సంస్థ పిసినారిదా? ఆ సంవత్సరమున దాని నికరలాభము ఇంచుమించు 120 కోట్ల రూపాయలు. వాటాలు 10 కోట్లకు కొంచెము పైబడియున్నవి. అనగా వాటాకు సుమారు పండ్రెండు రూపాయలు లాభము రాగా, ఒకటి పంచి పదునొకండు ఉంచుకొనినది. ఇందులకు కారణము కలదు. 2021లో ప్రజలు చెల్లించిన 531 రూపాయలు సంస్థ పెట్టెలో పడలేదు. తమ వాటాలను అమ్ముకొనిన పాత భాగస్థులకు చేరినవి. కావున కొత్త శాఖ తెరువవలెనన్నను, కోట్లు ఖరీదుచేయు ఎమ్మారై యంత్రము కొనవలెనన్నను అప్పైనను చేయవలెను, లేదా లాభములోనుండి తీయవలెను. గాదెలోని ధాన్యమంతయు అమ్ముకొనిన రైతు తొలకరికి విత్తనములకై ఇంటింటికి తిరుగును గదా. 2023 డిసెంబరులో ఈ సంస్థ పుణే నగరమందలి పి.హెచ్. డయాగ్నొస్టిక్ సెంటరును ఇంచుమించు 147 కోట్లు వెచ్చించి కొనినది. ఆ యేడు పంచిన లాభాంశమో, పది కోట్లు మాత్రమే.

ఉంచుకొనిన పదునొకండు రూపాయలు మంచి ఫలమిచ్చినచో వాటా ధర పెరుగును. ఇయ్యనిచో వాటాదారునకు చేతికి రావలసినదియు లేదు, పెరుగవలసినదియు లేదు. నెలనెల మందులకు సొమ్ము కావలసినవారికి ఇట్టి వాటా ఆధారము కాదని నా అభిప్రాయము. పదేండ్లు ఆ సొమ్ముతో పనిలేనివారి మాట వేరు.

ఇంతకంటె బిగువైన పిడికిలి గల సంస్థ అమెరికాలో కలదు. డెన్వరు నగరము ప్రధానస్థానముగా గల డావిటా, మూత్రపిండములు చెడినవారికి రక్తము శుద్ధిచేయు కేంద్రములను నడపును. రోగి సాధారణముగా వారమునకు మూడుమారులు వచ్చి, కొన్ని గంటలుండి, ఇంటికి పోవును. ఈ సంస్థ 1994 తరువాత దశాబ్దములపాటు నగదు లాభాంశమే ఇయ్యలేదు. దానికి మారుగా తన వాటాలను తానే బజారున కొనుచు వచ్చినది. 2013లో 21 కోట్లుండిన వాటాలు 2024 తుదకు ఇంచుమించు 8 కోట్లకు దిగినవి. ఉమ్మడి కుటుంబపు సొమ్ముతోనే ఒక పాలివాని భాగమును కొనివేసినచో మిగిలినవారి పాలు పెరిగినట్లే యిదియు. అయితే రొక్కము కావలసినవాడు తన వాటాలు కొన్ని అమ్ముకొనవలసినదే.

మన దేశమున దీనికి 2013 నాటి కంపెనీల చట్టము కట్టుబాట్లు చేసినది. సంవత్సరాంతపు లాభాంశమును డైరెక్టర్లు సూచింతురు, వాటాదారుల మహాసభ ఆమోదించును. మహాసభ దానిని తగ్గింపవచ్చును గాని పెంచరాదు. ప్రకటింపబడు వరకు అది ఆశ మాత్రమే. ప్రకటించిన పిదప అది సంస్థ తీర్చవలసిన బాకీ, ముప్పది దినములలో చెల్లింపవలెను. బజారు విలువనుబట్టి మొదటి వేయి సంస్థలు ఎప్పుడు ఇత్తురో, ఎప్పుడు ఇయ్యరో తెలుపు విధానపత్రమును ప్రకటింపవలెను. వాటా కొనుటకు ముందు చదువుకొన్న మనుమనిచేత దానిని చదివించుకొనుడు.

మరియొక సంగతి. ఎవరును తీసికొనని లాభాంశము ఏడేండ్ల తరువాత ప్రభుత్వము నెలకొల్పిన నిధికి చేరును. వరుసగా ఏడేండ్లు తీసికొననిచో ఆ వాటాలును అటే పోవును. తండ్రి వాటాలు కొనినట్లు కుమారులకు తెలియక పోవుటవలన ఇట్లు జరుగవచ్చును. తరువాత దరఖాస్తు పెట్టి తిరిగి పొందవచ్చును గాని, మరణపత్రము, వారసత్వపు కాగితములు సమకూర్చుకొనుట తేలిక పని కాదు. వాటాలున్నవారు నామినీ పేరు వ్రాయించి, బ్యాంకు ఖాతా మారినపుడు తెలియజేసి, ఆ కాగితములున్న చోటు ఇంటిలో ఒకరికైనను చూపియుంచవలెను.