ఆవ ఎప్పుడు కలపాలి?

పనసపొట్టు కూరంటే గోదావరి జిల్లాల వారికి ప్రాణం. పిఠాపురం వైపు పెళ్లి విందయినా, కార్తీక వనభోజనమయినా విస్తట్లో అది పడాల్సిందే. పొట్టు ఉడికించి, చింతపండు పులుసు పోసి, పోపు పెట్టడం వరకూ ఎవరైనా చేస్తారు. అసలు పరీక్ష ఆవ దగ్గరే. కూర దించి, వేడి తగ్గాకే నూరిన ఆవ కలపాలంటారు పెద్దవాళ్లు. కొత్తకోడళ్లకు ఇది చాదస్తంలా అనిపించొచ్చు. రసాయనశాస్త్రం మాత్రం అమ్మమ్మల పక్షమే!

ఆవగింజను వాసన చూడండి... ఏమీ ఉండదు. గింజలో సినిగ్రిన్ అనే గంధక పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ మరోచోట ఉంటాయి. నూరి, తడి తగిలితేనే రెండూ కలుస్తాయి. అప్పుడు పుట్టేదే ముక్కుపుటాలదరగొట్టే అల్లైల్ ఐసోథయోసయనేట్. వేడికి ఎంజైమ్ చచ్చుబడుతుంది, పుట్టిన ఘాటూ ఎగిరిపోతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయే తప్ప ఘాటెక్కకపోవడానికి కారణం ఇదే. ఆవకాయకి ఆవాలు వేయించకుండా ఎండబెట్టి పొడి కొట్టేదీ ఇందుకే. పైగా మామిడి, చింతపండుల పులుపు ఆ ఘాటును త్వరగా విరిగిపోనివ్వదు.

వెల్లుల్లిదీ ఇదే కథ. రెబ్బ చితికితేనే అల్లిసిన్ పుడుతుంది. ఉల్లి కోస్తే కన్నీళ్లు తెప్పించేదీ గంధక సమ్మేళనమే. దాన్ని తయారుచేసే ప్రత్యేక ఎంజైమ్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 2002లో గుర్తించారు.

మరి పుట్టగొడుగులు? మార్కెట్లో దొరికే తెల్ల పుట్టగొడుగుల వాసన ప్రధానంగా ఆక్టెనాల్‌ది, అందులో గంధకం లేదు. జపాన్ వాళ్లు ఇష్టపడే షిటాకే అలా కాదు. ఎండబెట్టి నీళ్లలో నానబెడితే దానికో కొత్త సువాసన వస్తుంది. అది లెంథియోనిన్... రెండు కార్బన్ అణువులకు ఏకంగా ఐదు గంధకం అణువులు!

ఇంగువ దారి వేరు. దాని గంధకం వాసన బంకలోనే సిద్ధంగా ఉంటుంది. పచ్చిగా ఉంటే ముక్కు మూసుకుంటాం, కాగిన నూనెలో పడితే లొట్టలేస్తాం. ఉల్లి, వెల్లుల్లి ముట్టని ఇళ్లలో ఆ లోటు తీర్చేది ఇదే.

ఈ సమ్మేళనాలు రవ్వంత ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. వాసన లేని వంటగ్యాస్ లీకైతే తెలియడానికి కలిపే ఇథైల్ మెర్కాప్టాన్ కూడా ఈ కుటుంబానిదే.

ఇక పనసపొట్టు కూరకి... ఆవ ముందురోజే నూరి పెట్టుకోవద్దు. వేడినీళ్లు అసలే పోయొద్దు. చన్నీళ్లు చిలకరించి నూరి, వడ్డించే ముందు కలిపితే చాలు.