ఇసుకలో దొరికిన ఎరుపు

సముద్రం స్ఫూర్తిగా ఓ డ్రెస్ కలెక్షన్ చెయ్యమంటే ఏం చేస్తారు? నీలిరంగు బట్ట మీద నాలుగు అలలు, అంచున రెండు గవ్వలు... అంతేగా! నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నె తీరాన నిలబడ్డా ముందు కనిపించేది ఆ నీలమే. కానీ ఒకప్పుడు ఈ కోస్తాకు ప్రపంచ ఫ్యాషన్‌లో పేరు తెచ్చిన రంగు అది కాదు... ఎరుపు!

ఆ ఎరుపు చిరివేరుది. తీరంలోని ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క. గవ్వల సున్నం కలిసిన నేలలో పెరిగితే రంగు మరింత చిక్కన. కలంకారీకి అదే ప్రాణం, ఎంత ఉతికినా వదిలేది కాదు. ఆ అద్దకం బట్టల కోసమే ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నం వచ్చింది. 1626లో నెల్లూరు తీరాన దుగరాజపట్నంలోనూ స్థావరం పెట్టింది. యూరప్‌లో వీటి మోజు ఎంతగా పెరిగిందంటే, స్థానిక నేతగాళ్లు దెబ్బతింటున్నారని 1686లో ఫ్రాన్స్ నిషేధమే పెట్టింది. 1759 దాకా ఎత్తలేదు!

చిరివేరును ఓడించింది మాత్రం ప్రయోగశాల. 1868లో జర్మన్ శాస్త్రవేత్తలు అలిజరిన్ ఎరుపును కృత్రిమంగా తయారుచేశారు. చవగ్గా రంగు దొరికాక వేళ్లు తవ్వేదెవరు?

రంగే ముందు...

తీరాన్ని బట్టల్లోకి తేవాలనుకునే డిజైనర్‌కు కాళహస్తి కలంకారీ మంచి పాఠం. నూలు గుడ్డను కరక్కాయ, గేదె పాలలో నానబెడతారు. బెల్లం, ఇనుప తుప్పు ఊరబెట్టిన నల్లరంగుతో వెదురు కలం పట్టి గీతలు గీస్తారు. ఎరుపు రావాల్సిన చోట పటిక పూసి, వేళ్లూ చెక్కల రంగునీళ్లలో ఉడికిస్తారు. తర్వాత పసుపు. నీలం వంతు చివర్లోనే! వరస తప్పితే బొమ్మ చెడుతుంది. అందుకే కొంగు ఎక్కడ, మెడ ఎక్కడ, కుట్టు ఎక్కడ పడుతుందో కలం పట్టకముందే తేల్చుకోవాలి.

ఓపిక ఉంటే ఫలితం ఎలా ఉంటుందో హైదరాబాద్ డిజైనర్ గౌరంగ్ షా 2019లో చూపించారు. రాజా రవివర్మ చిత్రాలను ఖాదీ చీరల మీద ప్రింటు వేయించలేదు, జాందానీలో నేయించారు.

పడవలు, వలలు, సరుగుడు తోపులు ఎవరైనా గీయగలరు. ఆ గీతల్లో నింపే ఎరుపు కూడా ఆ ఒడ్డు ఇసుకలోంచే వస్తే... అప్పుడు కదా అది తీరం కలెక్షన్!