విమానం దిగక ముందే చప్పుడు హద్దు గీయాలి

మామునూరు చుట్టూ కాలనీలు లేవక ముందే ఆలోచించవలసిన సంగతి

మామునూరు: వరంగల్లు నుంచి ఖమ్మం రోడ్డున రంగశాయిపేట దాటి వెళితే వచ్చే మామునూరు విమానాశ్రయం నిజాం పాలన నాటిది. దశాబ్దాల తరబడి ప్రయాణికుల విమానం దిగని ఈ మైదానానికి మళ్ళీ కదలిక వచ్చింది. విమానాశ్రయాల సంస్థ చేతిలో వున్న సుమారు 696 ఎకరాలకు తోడు మరో 253 ఎకరాలు సేకరించడానికి రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి వచ్చింది.

విమానం వస్తుందంటే జిల్లావాసులకు సంతోషమే. భూములు పోయే రైతులు 2025లో పరిహారం గురించీ, తెగిపోయే దారుల గురించీ ఆందోళన చేశారు. అది న్యాయమైన ఆందోళనే. అయితే భూమి పోని వారికి కూడా ఈ విమానాశ్రయంతో ఒక సంబంధం వుంది. అది చప్పుడు. రన్‌వే కొసల ఎదురుగా ఇల్లు కట్టుకోబోయే వారికి ఈ సంగతి ఎవరు చెబుతారు? చెప్పవలసిన కాలం ఇదే. ఇళ్ళు లేచిన తరువాత చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

బేగంపేట నేర్పిన పాఠం

హైదరాబాదులో బేగంపేట విమానాశ్రయం వెలసినప్పుడు అది ఊరికి ఎడంగానే వుంది. ఊరు పెరిగింది. రసూల్‌పురా, బోయినపల్లి వంటి బస్తీలు, కాలనీలు దాని చుట్టూ కిక్కిరిశాయి. విస్తరించడానికి చోటు లేకపోయింది. చివరకు 2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయం ప్రారంభం కావడంతో ప్రయాణికుల విమానాలు బేగంపేటను వదిలి వెళ్ళిపోయాయి. అన్ని సంవత్సరాలూ నెత్తి మీదుగా పోయే విమానాల మోతను భరించినవారు చుట్టుపక్కల జనమే.

ఇలాంటి చోట్ల ఎప్పుడూ ఒకే వాదన నడుస్తుంది. విమానాశ్రయం ముందు వచ్చింది, తెలిసే వచ్చి ఇల్లు కట్టుకున్నారు కదా అని అధికారులంటారు. కొన్నప్పుడు మాకెవరూ చెప్పలేదని ఇంటివారంటారు. ఇద్దరి మాటలోనూ నిజం వుంది. మధ్యలో లేఅవుటుకు అనుమతి ఇచ్చినవారు మాత్రం జవాబు చెప్పరు. మామునూరులో ఈ వాదన పుట్టకుండా చూసుకునే అవకాశం ఇంకా చేజారలేదు.

చిన్న విమానమైనా పెద్ద బాధే

చిన్న విమానాశ్రయమే కదా, రోజుకు నాలుగు విమానాలు వస్తే ఏమవుతుంది అనుకోవచ్చు. నిజమే, ప్రాంతీయ సర్వీసులకు వాడే ఏటీఆర్ రకం విమానాలు పెద్ద జెట్ విమానాలంత మోత చేయవు. కాని చిన్న విమానాశ్రయాలకు మరో రకం రద్దీ వచ్చి చేరుతుంది. అది పైలట్ శిక్షణ.

ప్రయాణికుల విమానాలు తక్కువగా వుండే చోట ఫ్లయింగ్ స్కూళ్ళు పెట్టడం మన దేశంలో కొత్త కాదు. 2021లో విమానాశ్రయాల సంస్థ బెళగావి, జల్‌గావ్, కలబురగి, ఖజురహో, లీలాబరి విమానాశ్రయాలలో శిక్షణ సంస్థలకు చోటు కేటాయించింది. దేశానికి పైలట్లు కావాలి. అందులో తప్పు లేదు.

అయితే శిక్షణ విమానం వచ్చి దిగి వూరుకోదు. రన్‌వేకు చక్రాలు తాకించి, ఆగకుండానే మళ్ళీ లేచి, సుమారు వెయ్యి అడుగుల ఎత్తున ఒక చుట్టు తిరిగి మళ్ళీ వస్తుంది. ఒక చుట్టుకు అయిదారు నిమిషాలు చాలు. అంటే ఒకే విమానం ఒక గంటలో పది సార్లు అదే ఇంటి మీదుగా పోగలదు. అటువంటివి మూడు వుంటే ఆ ఇంటి వారికి నిలకడగా మాట్లాడుకునే వ్యవధి కూడా దొరకదు. ఆ మోతలో ఎక్కువ భాగం ఇంజనుది కాదు, వేగంగా తిరిగే ప్రొపెల్లర్ రెక్కల కొసలది. రెక్కల సంఖ్య పెంచి, నిమిషానికి తిరిగే చుట్లు తగ్గిస్తే మోత కూడా తగ్గుతుంది.

సగటు లెక్కలో దాగే చప్పుడు

మరి చట్టం ఏమంటోంది? 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో చప్పుడు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు దాటకూడదు. విమానాశ్రయాల చుట్టూ వున్న మండలాలకు కేంద్ర పర్యావరణ శాఖ 2018 జూన్‌లో వేరే ప్రమాణాలు ప్రకటించింది. రద్దీ విమానాశ్రయాల దగ్గర పగలు 70, రాత్రి 65. మిగిలిన వాటి దగ్గర పగలు 65, రాత్రి 60. ఇళ్ళ మధ్య వుండవలసిన హద్దు కంటె చిన్న విమానాశ్రయం దగ్గర పగలు 10, రాత్రి 15 డెసిబెల్లు ఎక్కువన్నమాట. పది డెసిబెల్లు పెరిగితే మన చెవికి చప్పుడు ఇంచుమించు రెట్టింపైనట్టు వినిపిస్తుంది.

అసలు చిక్కు అంకెలో కంటె లెక్క కట్టే పద్ధతిలో వుంది. ఈ ప్రమాణాలు సగటు మీద ఆధారపడినవి. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు పగలు, మిగిలిన ఎనిమిది గంటలు రాత్రి. ఆ గంటలన్నిటిలో వున్న చప్పుడును కలిపి సరాసరి తీస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటి మీదుగా ఒక విమానం 20 సెకన్లపాటు 85 డెసిబెల్ల మోతతో పోయిందనుకుందాం. పక్కనున్న మనిషి మాట వినపడని మోత అది. పగటి పూట అలా పది విమానాలు పోయినా వాటి సగటు సుమారు 60 దగ్గరే ఆగుతుంది. హద్దు 65 కనుక అంతా సవ్యంగా వున్నట్టే. రాత్రి నాలుగు విమానాలు అదే మోతతో పోయి ఇంటిల్లిపాదినీ నాలుగు సార్లు నిద్ర లేపినా సగటు 60 దాటదు. కాగితం మీద తప్పు లేదు, కంటికి కునుకూ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో ఇచ్చిన సలహా ప్రకారం విమానాల చప్పుడు రోజు మొత్తం మీద 45, రాత్రి వేళ 40 డెసిబెల్ల లోపే వుండాలి. అక్కడి లెక్క కట్టే తీరు కొంత వేరైనా, మన అంకెలకూ వాటికీ వున్న దూరం ఎంతో తెలుస్తూనే వుంది.

పైగా ఐరోపాలో జనం సాధారణంగా ఇంటి లోపలే పడుకుంటారు. మన వరంగల్లులో ఎండాకాలం రాత్రి డాబా మీద పక్క వేసుకునే కుటుంబాలు ఎన్నో. అక్కడ చప్పుడుకు గోడ అడ్డు లేదు, కిటికీ అడ్డు లేదు.

పిల్లల చదువు మాటేమిటి?

చప్పుడు నిద్రతో ఆగదు. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో 1992లో పాత విమానాశ్రయం మూసి, మరో చోట కొత్తది తెరిచారు. రెండు చోట్లా బడిపిల్లలను పరిశోధకులు ముందూ తరువాతా పరీక్షించారు. 2002లో ప్రచురించిన ఆ ఫలితాలు గమనించదగినవి. కొత్త విమానాశ్రయం దగ్గరి పిల్లలలో చదివింది గుర్తుంచుకునే శక్తి, చదివే నేర్పు దెబ్బతిన్నాయి. పాత విమానాశ్రయం దగ్గర విమానాలు ఆగిపోయాక పిల్లలు కోలుకున్నారు.

మామునూరులో నవోదయ విద్యాలయం వుంది. పశువైద్య కళాశాల వుంది. పోలీసు శిక్షణ కళాశాల వుంది. నవోదయ పిల్లలు పగలు చదివేదీ, రాత్రి పడుకునేదీ అక్కడే. విమానాల దారి ఎటు, ఆ దారికి తరగతి గదులు ఎంత దూరం అన్న లెక్క ముందే తేలాలి. అవసరమైతే కిటికీలకు రెండు పొరల అద్దాలు వేయించే ఖర్చును విమానాశ్రయం అంచనాలలోనే చేర్చాలి.

ఒక్కొక్క విమానాన్నీ కొలిచే ఊరు

చప్పుడుకు పగ్గం వేయడం సాధ్యమేనా అనే వారికి అమెరికాలోని శాంటా మోనికా ఒక జవాబు. కాలిఫోర్నియా తీరంలోని ఆ పట్టణంలో చిన్న విమానాశ్రయం ఇళ్ళ నడుమ వుంది. అక్కడ సగటుతో సరిపెట్టుకోలేదు. ఒక్కొక్క విమానం చేసే మొత్తం చప్పుడును ఒక సెకనుకు కుదించి లెక్కించి, దానికి 95 డెసిబెల్ల హద్దు పెట్టారు. రాత్రి 11 నుంచి ఉదయం 7 వరకు, శని ఆదివారాల్లో 8 వరకు విమానాలు లేవకూడదు. శిక్షణ విమానాలు సెలవు రోజుల్లోనూ, పొద్దు గూకాకా చుట్లు తిరగకూడదు.

అయినా ప్రజలకూ విమానాశ్రయానికీ తగవు తీరలేదు. 2017లో కేంద్ర విమానయాన సంస్థతో కుదిరిన ఒప్పందం ప్రకారం 4,973 అడుగుల రన్‌వేను 3,500 అడుగులకు కుదించారు. 2028 డిసెంబరు 31 తరువాత విమానాశ్రయాన్ని మూసివేసే హక్కు పట్టణానికి దక్కింది. ఇళ్ళు దగ్గరగా లేచాక ఎన్ని నియమాలు పెట్టినా వివాదం సమసిపోదని అక్కడి చరిత్ర చెబుతోంది.

ఏం చేయాలి?

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2001లోనే నాలుగు మార్గాలు సూచించింది. విమానాల మోతను పుట్టే చోటే తగ్గించడం, చుట్టుపక్కల భూమి వాడకాన్ని అదుపు చేయడం, ఎగిరే తీరు మార్చడం, చివరిగా రాకపోకలపై ఆంక్షలు పెట్టడం. వీటిలో జిల్లా చేతిలో వున్నది రెండోది. అదే చౌక, అదే శాశ్వతం.

విమానాశ్రయం దగ్గర భవనం ఎంత ఎత్తు లేవవచ్చునో చూపే రంగుల పటాలు ఇప్పటికే వున్నాయి. ఎత్తు దాటితే అనుమతి రాదు. అది విమానం క్షేమం కోసం. అలాగే చప్పుడు ఎంతవరకు వ్యాపిస్తుందో చూపే పటం మనుషుల క్షేమం కోసం కావాలి. రన్‌వే పొడవు, దిశ ఖాయమైన వెంటనే ఆ పటం గీయించాలి. కుడా బృహత్ ప్రణాళికలో దానిని చేర్చాలి. మోత ఎక్కువగా వుండే పట్టీలో ఇళ్ళ లేఅవుట్లకు బదులు గిడ్డంగులు, వర్క్‌షాపులు, తోటలు రానివ్వాలి. పట్టీ అంచున ఇళ్ళకు అనుమతి ఇస్తే ఆ సంగతి లేఅవుటు కాగితాలలో తెలుగులో రాయాలి. కొనేవాడు చదివి కొంటాడు.

మొదటి విమానం దిగక ముందు చుట్టుపక్కల గ్రామాలలో ఇప్పుడున్న చప్పుడు ఎంతో కొలిచి దాచుకోవాలి. లేకపోతే రేపు పెరిగిందని చెప్పడానికి ఆధారం వుండదు. శిక్షణ సంస్థ వస్తే చుట్లు తిరిగే దారి, వేళలు, ఆదివారం సెలవు ఒప్పందంలోనే వుండాలి. రాత్రి వేళ ఇంజన్లు పరీక్షించే చోటు ఊళ్ళకు దూరంగా వుండాలి. విమానాశ్రయాల దగ్గర పక్షుల బెడద చూడడానికి అధికారుల కమిటీలు వుంటాయి. మనుషుల బాధ వినడానికి కూడా ఒక కమిటీ, ఒక ఫిర్యాదుల పుస్తకం వుండడం భారమేమీ కాదు.

2006 పర్యావరణ నోటిఫికేషన్ జాబితాలో విమానాశ్రయాలు కూడా వున్నాయి. ఆ అనుమతి కోసం తయారయ్యే నివేదికలో చప్పుడు అధ్యాయం వుంటుంది. ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు భూమి ధరతో పాటు ఆ అధ్యాయం గురించి కూడా గ్రామస్థులు అడగాలి. రన్‌వే దారిలో మా ఊరు వుందా, రాత్రి విమానాలు వుంటాయా, శిక్షణ విమానాలు వస్తాయా అన్న మూడు ప్రశ్నలు చాలు. జవాబులు రికార్డులో రాయించుకోవాలి.

వరంగల్లుకు విమానం రావాలి. ఆ విమానం కింద బతికేవారికి నిద్ర, పిల్లలకు చదువు కూడా మిగలాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు కాకుండా జిల్లా యంత్రాంగం, కుడా, నగరపాలక సంస్థ, విమానాశ్రయాల సంస్థ కలిసి కూర్చుని ముందుగా ఆ పటం గీయించాలి. దానికి కావలసింది ఎకరాలు కాదు, కోట్లు కాదు. కొలిచే యంత్రాలు, కొంత శ్రద్ధ చాలు.