అవటు గ్రంథి అతిస్రావం: కొన్ని వైద్యపదాలు

హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో తెలుగు మాత్రమే బాగా వచ్చిన అవ్వను ఆసుపత్రికి తీసుకువెళ్లే పని తరచు మనవలదే అవుతుంది. డాక్టరు అక్కడి భాషలో చెప్పినదాన్ని తెలుగులో చెప్పవలసింది మీరే. ‘అవ్వకు థైరాయిడ్ ఉందట’ అంటే చాలదు. థైరాయిడ్ అందరికీ ఉంటుంది. అది జబ్బు కాదు, గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి.

1656లో థామస్ వార్టన్ పెట్టిన ఈ పేరుకు గ్రీకులో డాలును పోలినదని అర్థం. తమిళంలోని ‘కేడయచ్చురప్పి’ దీనికి సూటి అనువాదం. కేడయం అంటే డాలే. తెలుగు పాఠ్యపుస్తకాలలోను, మరాఠీలోను ‘అవటు గ్రంథి’ అంటారు. అమరకోశం ప్రకారం అవటువు మెడ వెనుక భాగం, గ్రంథి ఉన్నదేమో ముందువైపు! పదం అంత బాగా కుదరలేదు గాని స్థిరపడిపోయింది.

హైపర్ అంటే అధికం, హైపో అంటే అల్పం. చెవికి దగ్గరగా వినిపించే ఈ రెండింటికీ వైద్యం పూర్తిగా వేరు. హైపోలో థైరాక్సిన్ మాత్రలు ఇస్తారు. హైపర్‌లో ఆ థైరాక్సినే రక్తంలో మితిమీరి ఉంటుంది. రక్తపరీక్ష కాగితం ఇక్కడ మరింత తికమకపెడుతుంది. హైపర్‌లో సాధారణంగా టి.ఎస్.హెచ్. తక్కువగా కనిపిస్తుంది. అది అవటు గ్రంథిని పని చేయించడానికి మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి పంపే హార్మోను. థైరాక్సిన్ ఎక్కువైనప్పుడు పీయూష గ్రంథి దాన్ని తగ్గించివేస్తుంది.

ఆకలి ఉన్నా చిక్కిపోవడం, గుండెదడ, చేతివేళ్ల వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం దీని లక్షణాలు. ‘ఒంట్లో వేడి చేసింది’ అని మజ్జిగ తాగిస్తూ నెలలు గడిపే ఇళ్లున్నాయి. ముసలివారిలో ఇవన్నీ కనిపించకపోవచ్చు. బరువు తగ్గి, నాడి లయ తప్పడమే గుర్తు కావచ్చు. కనుగుడ్లు ముందుకు పొడుచుకువస్తే గ్రేవ్స్ వ్యాధిని అనుమానిస్తారు. 1835లో దీన్ని వర్ణించిన డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ పేరే దానికి వచ్చింది. ఇందులో శరీర రక్షణవ్యవస్థే పొరబడి గ్రంథిని ప్రేరేపిస్తుంది.

గొంతు ముందు వాపు గలగండం. అయొడిన్ లోపంవల్ల కూడ వస్తుంది కనుక, వాపు ఉన్నంతమాత్రాన అతిస్రావం అనుకోరాదు. గండమాల వేరు, అది మెడలో వరుసగా లేచే గడ్డలకు పేరు.

అతిస్రావానికి తరచు ఇచ్చే మందు కార్బిమజోల్. అరుదుగా ఇది తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. ఈ మందు వాడేటప్పుడు జ్వరంగాని, గొంతునొప్పిగాని వస్తే మాత్ర ఆపి, అదేరోజు డాక్టరును కలిసి రక్తపరీక్ష చేయించాలి. ఈ మాటను అవ్వకు తెలుగులో, రెండుసార్లు చెప్పండి.