తోలుబొమ్మలాటలో భావాభినయం: నిమ్మలకుంట సంప్రదాయం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ముఖకవళికలు మారని తోలుబొమ్మ ప్రేక్షకునికి రసానుభూతిని ఎలా కలిగిస్తుందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట సంప్రదాయాన్ని ఆధారంగా తీసుకొని, నాట్యశాస్త్రం చెప్పిన సాత్త్వికభావాలను తోలుబొమ్మకు అన్వయించి చూడటం, తెర వెనుక ఆటగాని నృత్యాన్ని నమోదు చేయవలసిన అవసరాన్ని చెప్పటం దీని ఉద్దేశం.

కీలకపదాలు: తోలుబొమ్మలాట, నిమ్మలకుంట, సాత్త్వికాభినయం, విరాటపర్వం, బాలే.

1. ఉపోద్ఘాతం:
నృత్యంలో భావాన్ని పలికించేది ప్రధానంగా ముఖమేనని సాధారణాభిప్రాయం. ఫ్రెంచి నృత్యాచార్యుడు నోవేర్ 1760లో ప్రకటించిన లేఖల్లో, బాలే నర్తకులు ముసుగులను విడిచిపెట్టాలని వాదించాడు. నృత్యం కథ చెప్పాలంటే నర్తకుని ముఖం కనిపించి తీరాలన్నది ఆ వాదన సారాంశం. కూచిపూడి భామాకలాపంలోనూ సత్యభామ గర్వాన్ని, విరహాన్ని ప్రేక్షకుడు ఆమె కన్నుల్లోనే చదువుకుంటాడు. తోలుబొమ్మకు ఆ అవకాశం లేదు. ఒకసారి చెక్కిన కన్ను మూతపడదు, పెదవి కదలదు. అయినా ద్రౌపది దుఃఖానికి ఊరు ఊరంతా కన్నీరు పెట్టుకోవటం ఈ కళ సాధించిన విజయం. అది ఎలా సాధ్యమైందో చూడాలి.

2. నేపథ్యం:
నిమ్మలకుంట ధర్మవరం మండలంలోని గ్రామం. పూర్వపు అనంతపురం జిల్లాలోని ఈ ప్రాంతం 2022లో ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలో చేరింది. ఈ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఇక్కడి కళాకారుల కుటుంబాలు ఇంట్లో మరాఠీ మాండలికం మాట్లాడుతూ, ఆటను తెలుగులో ఆడతాయి. వర్షాభావానికి పేరుపడిన ఈ పీఠభూమిలో తోలుబొమ్మలాట వినోదానికే పరిమితం కాలేదు. విరాటపర్వం చదివించినా, ఆడించినా వానలు కురుస్తాయన్న విశ్వాసం తెలుగునాట చిరకాలంగా ఉన్నది. కరువు కాలంలో ఆట కట్టించటం ఊరి ఉమ్మడి ప్రార్థన.

3. బొమ్మ నిర్మాణం - కదలిక:
పలుచగా, కాంతి చొరబడేలా సిద్ధం చేసిన తోలుపై బొమ్మను గీసి, రంధ్రాలు పొడిచి, రంగులు అద్దుతారు. భుజాలు, మోచేతులు, మోకాళ్ల వద్ద ముక్కలను వదులుగా ముడివేసి కలుపుతారు. నడుమ నిలువుగా ఒక బద్ద బొమ్మను పట్టి ఉంచుతుంది. చేతులను ఆడించటానికి వేరే పుల్లలుంటాయి. నర్తకి బొమ్మకు మెడ, నడుము వద్ద కూడా కీళ్లుండటం గమనార్హం. అంటే పాత్ర స్వభావాన్ని బట్టి ఏ అంగం కదలాలో బొమ్మ చేసేనాడే నిర్ణయమవుతుంది. నృత్యరూపకర్త పని ఇక్కడ తోలు కోతతోనే మొదలవుతుంది.

4. సాత్త్వికభావాల అన్వయం:
స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని సాత్త్వికభావాలు ఎనిమిది. వీటిలో స్వేద, రోమాంచ, అశ్రువులను తోలుబొమ్మ నేరుగా చూపలేదు. మిగిలిన ఐదింటికి మార్గాలున్నాయి. కదులుతున్న బొమ్మను హఠాత్తుగా తెరకు అదిమి నిలిపితే స్తంభం. బద్దను సన్నగా వణికిస్తే వేపథువు. గొంతు జీరబోతే స్వరభేదం. స్త్రీపాత్రలకు స్త్రీలే గొంతునివ్వటం ఇందుకు బలం. బొమ్మను మెల్లగా వాల్చితే ప్రళయం. వైవర్ణ్యం మరింత ఆసక్తికరం. తెరకు ఆనించిన బొమ్మ రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. తెరనుంచి వెనక్కు తీసుకుంటే అంచులు చెదిరి రంగు వెలవెలబోతుంది. మానవనటునికి కష్టసాధ్యమైన ఈ భావం బొమ్మకు సులభసాధ్యం.

చూపలేని మూడింటిని ప్రేక్షకుడే పూరించుకుంటాడు. ముఖం ఏ ఒక్క భావానికీ కట్టుబడి లేనందున, పాట చెప్పిన దుఃఖాన్ని అతడు ఆ ముఖంలోనే చూస్తాడు.

5. ఆటగాని దేహం:
తెర వెనుక ఆటగాడు నిలబడి, బొమ్మతో పాటు తానూ అడుగులు వేస్తాడు. యుద్ధఘట్టంలో కాలికింది చెక్కలను తొక్కి ధ్వని పుట్టిస్తాడు. అతని నడుములోని ఊపు బద్ద ద్వారా బొమ్మకు చేరుతుంది. 1911లో పారిస్‌లో ప్రదర్శితమైన ఫోకిన్ బాలే ‘పెత్రూష్కా’లో నిజిన్‌స్కీ కొయ్యబొమ్మలా బిగుసుకుపోయి, ఆ బిగువులోనే వేదనను చూపాడు. అక్కడ మనిషి బొమ్మ అయ్యాడు. ఇక్కడ బొమ్మ మనిషి అవుతుంది. రెండింటిలోనూ కదలికకు విధించిన పరిమితే భావానికి ఆధారమైంది.

6. కథనం - నర్తనశాల:
విరాటపర్వంలో నృత్యమే కథాంశం. అర్జునుడు బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పుతాడు. కీచకుని భీముడు చంపేది రాత్రివేళ నర్తనశాలలోనే. చీకటిలో ఎవరు ఎవరో తెలియక కీచకుడు మోసపోయే ఈ ఘట్టం నీడలపై ఆధారపడిన కళకు సహజంగా అమరుతుంది. పాత్రలకు తెలియనిది ప్రేక్షకునికి తెలుసు. ఉత్కంఠ అక్కడ పుడుతుంది. అనంతరం జుట్టుపోలిగాడు, బంగారక్క వంటి హాస్యపాత్రల ప్రవేశం ఆ బిగువును సడలించి, రాత్రంతా సాగే ఆటకు లయను సమకూరుస్తుంది.

7. ముగింపు:
నేడు నిమ్మలకుంట తోలుపని దీపపు తొడుగులుగా, గోడ అలంకరణలుగా విపణికి చేరుతున్నది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. దీనివల్ల కుటుంబాలకు జీవనాధారం దొరికింది. కరువు నేలలో అది చిన్న విషయం కాదు. అయితే దీపపు తొడుగుపై రాముడికి కీళ్లు అక్కరలేదు. గీత, రంగు, రంధ్రం నిలుస్తాయి. వణుకు, వాలు, వెనకడుగు నిలవవు. బొమ్మలను ప్రదర్శనశాలలు భద్రపరచగలవు, పాటలను పుస్తకాలు భద్రపరచగలవు. బద్ద పట్టిన చేతి కదలిక మాత్రం ఆడేవారి దేహంలోనే ఉన్నది. కాబట్టి ఈ కళపై పరిశోధించేవారు తెర ముందు కూర్చొని ఆటను చిత్రీకరించటంతో ఆగక, తెర వెనుక నిలిచి అడుగులను, పట్టును, తెరకూ బొమ్మకూ మధ్య దూరాన్ని ఘట్టాలవారీగా నమోదు చేయాలి. వృద్ధ కళాకారులు ఆడగలిగిన కాలంలోనే ఇది జరగాలి. అప్పుడే తోలుబొమ్మలాట హస్తకళగా మాత్రమే కాక, నాట్యకళగా కూడా మన అధ్యయనంలో నిలుస్తుంది.