వ్యాధుల నిఘా – శిక్షణావశ్యకత

రోగికి చికిత్స చేయటం ఒక ఎత్తు. రోగం నలుగురికీ ప్రాకకముందే కనిపెట్టటం మరొక ఎత్తు. ఈ రెండవ కార్యమునకే వ్యాధుల నిఘా అని పేరు. ఇందుకై మన దేశంలో 2004లో సమగ్ర వ్యాధి నిఘా పథకం ఆరంభమైనది. ఆరోగ్య కార్యకర్త తాను చూచిన లక్షణాలను, వైద్యుడు తన అనుమానాన్ని, ప్రయోగశాల తన నిర్ధారణను వేర్వేరు పత్రాలలో వారానికొకసారి పంపేవారు. 2018 నవంబరులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లతో సహా ఏడు రాష్ట్రాలలోను, 2021 ఏప్రిల్‌లో దేశమంతటాను కాగితం స్థానంలో కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ప్రవేశించినది. 33 వ్యాధుల వివరాలను ఏ రోజుకారోజు నమోదు చేసే వీలు కలిగినది.

అయితే యంత్రం వేగాన్ని ఇవ్వగలదు గాని సత్యాన్ని ఇవ్వలేదు. పొరపాటు అంకె పూర్వం వారానికి చేరేది. నేడు క్షణంలో చేరుతుంది. కనుక మీటలు నొక్కటం నేర్పినంత మాత్రాన శిక్షణ పూర్తి కాదని మా అభిప్రాయం.

ఇందుకు తార్కాణం మన చెంతనే కలదు. తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరువనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో పుట్టిన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. దీని ఆధ్వర్యంలో 1972 నుండి 2015 వరకు జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో పలు రాష్ట్రాలలో ఇంటింటి సర్వేలు జరిపినది. బిడ్డను తూచటం, ఎత్తు కొలవటం, గడచిన 24 గంటలలో ఆ ఇంటివారు ఏమి తిన్నారో గిన్నెల కొలతలతో అడిగి తెలుసుకోవటం – ఇవన్నీ శిక్షణలో నేర్పేవారు. ఒకే బిడ్డను ఇద్దరు కొలిస్తే ఒకే అంకె రావాలి. ఆ నియమం లేనిచో ఎన్ని వేల లెక్కలు పోగుచేసినా వ్యర్థమే.

సాఫ్ట్‌వేర్ వాడేవారికి సైతం ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒక ఇల్లాలు “ఒళ్లు కాలుతున్నది” అంటుంది. మరొకరు “బుఖార్” అంటారు. రెండూ జ్వరమే. కాని ఏడు రోజులలోపుదా, మించినదా, దద్దురులున్నవా అని విచారించనిదే సరియైన గడిలో నమోదు కాదు. రెండవ పాఠం సున్నను గురించినది. రోగులు లేరని సున్న వ్రాయటం వేరు, గడిని ఖాళీగా విడుచుట వేరు. మొదటిది సమాచారం, రెండవది మౌనం. ఆ మౌనాన్ని క్షేమమని భ్రమిస్తే ఊరికి ఊరే మూల్యం చెల్లించవలసివస్తుంది. మూడవది, రోగి వివరాలను గోప్యంగా ఉంచటం. నాలుగవది, పంపిన లెక్క వలన ఏమి జరిగినదో పంపినవారికి తెలియజేయటం. బావిలో క్లోరిన్ కలిపారని, పైపు బాగుచేశారని తెలిసిన కార్యకర్త మరునాడు మరింత శ్రద్ధతో వ్రాస్తుంది. తెలియనిచో అది వట్టి వెట్టిగా మారుతుంది.

ఉర్దూ, తెలుగు రెండు భాషలూ ఎరిగిన మన విద్యార్థులు ఈ పనికి మిక్కిలి అర్హులు. కల్పిత ఉదాహరణలతో కొద్ది గంటల అభ్యాస తరగతులను కళాశాలలో ఏర్పాటు చేయవలసినదిగా పాలకవర్గం వారిని కోరుతున్నాము. నేడు సరిగా అడిగి సరిగా వ్రాయటం నేర్చిన విద్యార్థి, రేపు ఒక బస్తీని కాపాడగలడు.